వాంతులు, లూజ్ మోషన్స్: కుక్కను ఎంతసేపు ఇంట్లో చూసుకోవచ్చు, ఎప్పుడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి?

వేళచ్చేరి_రెండుతోకలు · ఆదివారం, మధ్యాహ్నం 12:40

అందరికీ నమస్కారం. ఇంట్లో రెండు కుక్కలున్నాయి. పెద్దది నాలుగేళ్ళ మగ లాబ్రడార్, 29 కిలోలు, టీకాలన్నీ వేళకు వేయించాం. చిన్నది మూడు నెలల ఆడ ఇండీ (నాటు కుక్క) పిల్ల, 5 కిలోలు. దానికి రెండో టీకా వేయించి పన్నెండు రోజులైంది, మూడోది ఇంకా వేయించాలి.

నిన్న రాత్రి చుట్టాలొచ్చారు. ఎవరో మటన్ కూరలోని కొవ్వు ముక్కలు లాబ్‌కి పెట్టారు. ఎముక మింగిందో లేదో ఎవరూ చూడలేదు. రాత్రి 2 గంటలకు తిన్నదంతా కక్కేసింది. 4:30కి, 7కి మళ్ళీ వాంతులు, ఈసారి పసుపు నురుగు మాత్రమే. పొద్దున్నుంచి నాలుగు లూజ్ మోషన్స్, చివరిదాంట్లో జిగురు కనిపించింది. 9 గంటలకు గిన్నెడు నీళ్ళు గటగటా తాగి అయిదు నిమిషాల్లో కక్కేసింది. పిలిస్తే తోక ఊపుతోంది, గుమ్మం దాకా వస్తోంది.

పిల్ల ఇందాక ఒకసారి పలచగా వెళ్ళింది. పొద్దున తిండి సగమే తింది.

ఇంట్లో ఎమెసెట్ (వాంతులకి), మెట్రోజిల్ (యాంటీబయాటిక్) ఉన్నాయి. మెడికల్ షాపతను మోషన్స్ ఆగడానికి లోపెరమైడ్ కూడా ఇచ్చాడు. ఇంకా ఏదీ వేయలేదు. మామూలుగా చూపించే డాక్టర్ ఆదివారం ఉండరు. రేపు ఉదయం దాకా ఆగొచ్చా? ఎన్ని వాంతులు, ఎన్ని మోషన్స్ దాటితే ఎమర్జెన్సీ అనుకోవాలి?

వేపేరి_టెక్నీషియన్ · మధ్యాహ్నం 1:05

రేపటి దాకా ఆగకూడనిది పెద్దది కాదండీ, చిన్నది. దాన్ని ఈ రోజే చూపించండి. లాబ్ గురించి ఇంత రాసి పిల్ల గురించి రెండు ముక్కల్లో తేల్చారు గానీ, ప్రమాదం పిల్లకే ఎక్కువ.

టీకాలు రెండు పడ్డాయి కదా అని ధైర్యపడొద్దు. తల్లిపాల నుంచి వచ్చిన యాంటీబాడీలు పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వవు. అవి ఎప్పుడు పూర్తిగా తగ్గుతాయో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. అందుకే 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 3 లేదా 4 వారాలకొకటి చొప్పున, ఆఖరి డోసు 16 వారాలు నిండాక పడేలా వేస్తారు. అది పడేదాకా పార్వో, అంటే కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే వైరస్ జబ్బు, రాదని ఎవరూ చెప్పలేరు. పార్వో అంటే రక్తంతో, భరించలేని వాసనతో విరేచనాలు అని అందరూ గుర్తుపెట్టుకుంటారు. అది తర్వాతి దశ. మొదట కనిపించేది తిండి తగ్గడం, మూలన పడుకోవడం, తర్వాత వాంతి. రక్తం కనిపించేదాకా ఆగితే ఒక రోజు చేజారినట్టే.

ఇంకో లెక్క చూడండి. ఒంటి బరువులో 5 శాతం నీరు పోతే ఆ లోటు పైకి కనిపించడం మొదలవుతుంది. 10 శాతం దాటితే ప్రాణం మీదికొస్తుంది. మీ లాబ్‌కి 5 శాతమంటే దాదాపు లీటరున్నర. పిల్లకు పావు లీటరు. అంటే నాలుగైదు మోషన్స్, రెండు వాంతులు చాలు. పైగా చిన్నపిల్లల ఒంట్లో నిల్వ చక్కెర తక్కువ. తిండి మానేస్తే కొన్ని గంటల్లోనే రక్తంలో గ్లూకోజ్ పడిపోయి తూలడం, వణకడం మొదలవుతుంది. అందుకే పిల్లను పస్తు పెట్టకూడదు. దారిలో తూలినట్టనిపిస్తే అర చెంచా తేనె గానీ గ్లూకోజ్ నీళ్ళు గానీ వేలితో చిగుళ్ళకు రాయండి. స్పృహ సరిగా లేని పిల్ల నోట్లో పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇక లాబ్. ఎన్నిసార్లు అన్న అంకె ఒక్కటీ ఏదీ తేల్చదు. పది మోషన్స్ అయినా ఆడుకుంటూ నీళ్ళు నిలుపుకునే కుక్క ఉంటుంది, రెండు వాంతులకే నేల కరిచే కుక్క ఉంటుంది. ఇప్పుడే కింద చెప్పినవి చూసి రాయండి.

పైపెదవి ఎత్తి కోరపన్ను పైనున్న చిగురు చూడండి. లాబ్‌లకు చిగుళ్ళ మీద నల్లమచ్చలు ఉంటాయి, గులాబీగా ఉన్న చోటు వెతుక్కోండి. అస్సలు దొరకకపోతే కింది కనురెప్ప లోపలివైపు రంగు చూడొచ్చు. చిగురును బొటనవేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు 2 సెకన్లలోపు మళ్ళీ గులాబీ అవ్వాలి. వేలు చిగురు మీద తడిగా జారాలి. టేపుకి అంటుకున్నట్టు పట్టేస్తే నీరు తగ్గిందని అర్థం. మెడ వెనక చర్మం లాగి చూడమని అందరూ చెబుతారు గానీ, బొద్దుగా ఉన్న లాబ్‌లో అది మోసం చేస్తుంది. కొవ్వు వల్ల చర్మం టక్కున వెనక్కి వెళ్ళిపోతుంది, లోపల నీరు లేకపోయినా.

తర్వాత జ్వరం. మామూలు డిజిటల్ థర్మామీటర్‌కి కొంచెం వాసెలిన్ రాసి, తోక పక్కకు పట్టుకుని, మలద్వారంలోకి రెండు సెంటీమీటర్లు పంపి, బీప్ వచ్చేదాకా వదలకుండా పట్టుకోండి. 100.5 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా మామూలే. 103 దాటితే ఈ రోజే డాక్టర్. 104 దాటినా, 99 కన్నా తగ్గినా వెంటనే బయల్దేరాలి. ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అన్నదానికీ జ్వరానికీ సంబంధం లేదు. ఆ థర్మామీటర్ మీద గుర్తు పెట్టి కుక్కకే ఉంచేయండి.

పెరంబూర్_ఇండీ · మధ్యాహ్నం 1:30

పిల్ల విషయంలో పైన చెప్పిందే నా మాట కూడా. లాబ్ చిగుళ్ళు, జ్వరం సరిగ్గా ఉంటే సాయంత్రం దాకా ఇంట్లో ఎలా చూసుకోవాలో రాస్తున్నాను.

మొదటి తప్పు గిన్నెడు నీళ్ళు ముందు పెట్టడం. రేగిన పొట్ట ఒక్కసారిగా నిండితే వెంటనే తిప్పికొడుతుంది, దాంతో తాగిన నీళ్ళకన్నా ఎక్కువే పోతుంది. గిన్నె తీసేయండి. ఆఖరి వాంతి అయ్యాక రెండు గంటలు ఆగి, అరగంటకొకసారి 30 మిల్లీలీటర్లు, అంటే రెండు పెద్ద చెంచాలు ఇవ్వండి. 29 కిలోల కుక్కకు రోజుకి కావాల్సిన నీరు కిలోకి 50 మిల్లీలీటర్ల చొప్పున దాదాపు 1450. అరగంటకు 30 చొప్పున రోజంతా ఇస్తే 1440 అవుతుంది. అంటే ఈ కొలత రోజువారీ అవసరానికి సరిపోతుందంతే, మోషన్స్‌లో పోయేదాన్ని పూడ్చదు. అందుకని రెండు గంటలు నిలిస్తే 60కి, అదీ నిలిస్తే 100కి పెంచాలి. ఆ 30 కూడా నిలవకపోతే ఇంట్లో చేసేది అయిపోయింది, డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. మన చెన్నై ఉక్కలో కుక్క నాలుక చాపి రొప్పుతూ ఇంకొంత నీరు పోగొట్టుకుంటుంది కాబట్టి ఫ్యాన్ కింద, చల్లటి గచ్చు మీద పడుకోబెట్టండి.

ఓఆర్ఎస్ ఇవ్వొచ్చు. లీటరు నీళ్ళకని రాసి ఉన్న ప్యాకెట్‌ను సరిగ్గా లీటరులోనే కలపండి, అదే కొలతలో ఇవ్వండి. చిక్కగా కలిపితే ఉప్పు ఎక్కువై మోషన్స్ పెరుగుతాయి. టెట్రా ప్యాక్‌లో అమ్మే తియ్యటి పళ్ళరసం లాంటివి ఓఆర్ఎస్ కావు. చక్కెర లేనిదని రాసి ఉంటే అసలు దగ్గరికి రానివ్వొద్దు. అందులో జైలిటాల్ ఉంటే కుక్కకు విషం.

తిండి సంగతి. పెద్ద కుక్కకు వాంతి ఆగాక ఆరు గంటలు, మహా అయితే పన్నెండు గంటలు పొట్టకు విశ్రాంతి. రోజంతా పస్తు పెట్టడం పాత పద్ధతి. పేగు గోడలోని కణాలు లోపలికొచ్చే తిండి మీదే బతుకుతాయి, ఊరికే ఎండబెడితే కోలుకోవడం ఆలస్యమవుతుంది. చర్మం, ఎముక, కొవ్వు లేని చికెన్ బ్రెస్ట్ ఒక వంతు, మెత్తగా ఉడికిన అన్నం రెండు వంతులు. ఉప్పు, పసుపు, నూనె, నెయ్యి ఏమీ వద్దు. చికెన్ ఉడికిన నీళ్ళు చల్లారాక పైన పేరుకున్న కొవ్వు తీసేసి వాడండి.

ఎంత పెట్టాలన్నది ఎవరూ చెప్పరు, అక్కడే తేడా వస్తుంది. ఈ బరువున్న కుక్కకు ఊరికే పడుకుని ఉన్నా రోజుకి 875 కేలరీలు కావాలి. మొదటి రోజు అందులో మూడో వంతు చాలు. అంటే 70 గ్రాముల ఉడికిన చికెన్, 140 గ్రాముల అన్నం, మొత్తం రోజంతటికీ. దీన్ని అయిదు భాగాలు చేస్తే ఒక్కో పూటకి చిన్న నిమ్మకాయంత ముద్ద. అది చూసి పాపం ఆకలితో ఉందని గిన్నె నింపుతాం, రాత్రికి మళ్ళీ వాంతి. రెండో రోజు మూడింట రెండు వంతులు, మూడో రోజు పూర్తిగా.

మాంసం వండని ఇళ్ళలో ఉడికించిన గుడ్డు తెల్లసొన గానీ, వెన్న తీసిన పాలతో ఇంట్లో విరగ్గొట్టిన పనీర్ గానీ అన్నంలో కలపొచ్చు. పెరుగన్నం రోజూ తినే కుక్కకైతే రెండు చెంచాల పెరుగు పర్వాలేదు, కొత్తగా ఇప్పుడే మొదలుపెట్టొద్దు. పాలు అసలే వద్దు. సాంబారన్నం, రసం అన్నం కూడా వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. చింతపండు ఇంకో సమస్య. ద్రాక్ష, కిస్మిస్‌లు కుక్క కిడ్నీలను దెబ్బతీయడానికి వాటిలోని టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని 2021లో అమెరికాలోని పశు విషవైద్య నిపుణులు ప్రతిపాదించారు. ఆ ఆమ్లం చింతపండులో దండిగా ఉంటుంది. పండగ రోజు పులిహోర, కిస్మిస్ వేసిన పాయసం రెండూ కుక్కకు అందకుండా ఉంచాలి.

అడయార్_పాదముద్ర · మధ్యాహ్నం 1:55

పెరంబూర్ గారు చెప్పిన కొలతలు బాగున్నాయి, కానీ లాబ్‌ని ఇంట్లో ఉంచే విషయంలో నాది వేరే అభిప్రాయం. తిన్నది మటన్ కొవ్వు, ఎముక సంగతి తెలియదు. ఈ రెండింటి వల్ల ఇది మామూలు అజీర్తి కాకపోయే అవకాశం ఉంది.

కొవ్వు ఎక్కువ తిన్న ఒకటి రెండు రోజుల్లో క్లోమం వాచిపోవచ్చు. దాని గుర్తులు: వాంతులు ఆగకపోవడం, తిండి వాసన చూసి మొహం తిప్పుకోవడం, ముందు కాళ్ళు చాచి ఛాతీ నేలకు ఆనించి వెనకభాగం మాత్రం పైకి లేపి నిలబడటం. ఆడుకోవడానికి పిలిచేటప్పుడు కూడా కుక్క అలాగే వంగుతుంది, కానీ అప్పుడు తోక ఆడుతుంది, మరుక్షణం గెంతుతుంది. నొప్పితో వంగిన కుక్క అక్కడే ఆగిపోతుంది, కళ్ళు చిన్నవవుతాయి. డొక్కల వెనక రెండు అరచేతులతో మెల్లగా నొక్కితే పొట్ట బిగపడుతుంది, తల తిప్పి మీ చేతి వైపు చూస్తుంది. వీటిలో ఏది కనిపించినా సాయంత్రం దాకా ఆగొద్దు. డాక్టర్ క్లోమానికి సంబంధించిన లైపేజ్ పరీక్ష, స్కానింగ్ చేస్తారు.

ఎముక, మామిడి టెంక, మొక్కజొన్న కండె, సాక్సు లాంటివి పేగులో ఇరుక్కుంటే కథ వేరుగా నడుస్తుంది. తిన్నదీ తాగిందీ వస్తూనే ఉంటుంది, మోషన్ తగ్గిపోతుంది లేదా కొంచెం జిగురు మాత్రమే వస్తుంది, రోజు గడిచేకొద్దీ కుక్క నీరసిస్తుంది. టెంక అయితే పొట్టలో కొన్ని రోజులు ఊరికే ఉండి, తర్వాత పేగులోకి జారి అడ్డం పడొచ్చు. వారం క్రితం మామిడిపండు దొరికించుకుని ఉంటే అది కూడా డాక్టర్‌కి చెప్పండి. ఎముక ఎక్స్‌రేలో కనిపిస్తుంది, టెంకకీ గుడ్డకీ ఎక్కువగా స్కానింగ్ కావాలి. నోట్లోంచి గానీ వెనకనుంచి గానీ దారం వేలాడితే లాగకండి. రెండో కొస లోపల చిక్కుకుని ఉంటే పేగును కత్తిలా కోసేస్తుంది.

అందుకే ఇంట్లో ఉన్న ఆ మూడు మందుల జోలికి వెళ్ళొద్దు. ఎమెసెట్ వాంతిని ఆపుతుంది, అడ్డాన్ని తీయదు. ఇరుక్కున్న కుక్క రెండు రోజులు బాగున్నట్టు కనిపించి పేగు చిల్లుపడ్డాక తేలుతుంది. లోపెరమైడ్ పేగు కదలికను మందగింపజేస్తుంది, బయటికి పోవాల్సిన క్రిములూ విషాలూ లోపలే ఉండిపోతాయి. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి అది మెదడుకెక్కుతుంది కూడా. మెట్రోజిల్ అందరూ వేసేస్తారు గానీ, జ్వరం, బాగా నీరసం లేని మామూలు విరేచనాలకు యాంటీబయాటిక్ వద్దని 2024లో వచ్చిన యూరప్ పశువైద్య మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. అలాంటివి ఎక్కువ భాగం వాటంతటవే తగ్గుతాయి, మందు వేస్తే పేగులోని మంచి బాక్టీరియా కూడా పోతుంది. నొప్పికని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, పారాసెటమాల్ ఇవ్వకండి. మొదటి రెండూ పొట్టలో పుండ్లు, కిడ్నీ దెబ్బ. ఇప్పటికే నీరు తగ్గిన కుక్కకైతే ఇంకా తొందరగా.

నా మాట: ఎలాగూ పిల్లను తీసుకెళ్తున్నారు, లాబ్‌ని కూడా చూపించేయండి.

వేపేరి_టెక్నీషియన్ · మధ్యాహ్నం 2:05

చూపించడం మంచిదే అండీ, కానీ రెండింటినీ ఒకే ఆటోలో, ఒకే టవల్ మీద వద్దు. పిల్లకు పార్వో కాదని తేలేదాకా విడిగా ఉండాలి. లాబ్ కోసం నేను పెట్టే గడువు ఇది: సాయంత్రం 6 గంటల్లోపు ఇంకో వాంతి అయినా, 30 మిల్లీలీటర్ల నీళ్ళు నిలవకపోయినా, పిలిస్తే లేవకపోయినా ఈ రోజే. ఏమీ కాకపోతే రేపు ఉదయం. గడియారం చూసి కాగితం మీద రాసుకోండి. మనసులో పెట్టుకుంటే ఇంకాసేపు, ఇంకాసేపు అంటూ తెల్లారిపోతుంది.

మోషన్ చూసి కూడా కొంత తెలుస్తుంది. కొంచెం కొంచెంగా చాలాసార్లు, ముక్కుతూ, జిగురుతో, ఒకటి రెండు ఎర్ర చారలతో వస్తే అది పెద్దపేగు మంట, చూడ్డానికి భయం వేసినా ఎక్కువసార్లు లొంగుతుంది. రెండు మూడుసార్లే కానీ బోలెడంత నీళ్ళలా పోతే చిన్నపేగు, అక్కడ నీరు తొందరగా తగ్గుతుంది. తారులా నల్లగా, బంకగా ఉంటే పైన పొట్టలోనో చిన్నపేగులోనో రక్తం పోతోందని. ఐరన్ టానిక్ పోస్తున్నా నల్లగా వస్తుంది, అది గుర్తుచేసుకోండి. ఉడికిన బీట్‌రూట్ గుజ్జులా ముద్దముద్దగా రక్తం పడితే పెద్దదైనా చిన్నదైనా ఆ గంటే బయల్దేరాలి. ఆ రకంలో కుక్క చూస్తుండగానే కూలబడుతుంది, సెలైన్ ఎక్కిస్తే అంతే తొందరగా లేస్తుంది.

వేళచ్చేరి_రెండుతోకలు · మధ్యాహ్నం 2:20

లాబ్: చిగుళ్ళు గులాబీ, వేలు జారుతోంది, నొక్కితే 1 సెకనులో రంగు వచ్చింది. జ్వరం 102.1. పొట్ట నొక్కనిచ్చింది. 1:30 నుంచి ఇస్తున్న నీళ్ళు నిలిచాయి.

పిల్ల ఇప్పుడే రెండుసార్లు వాంతి చేసుకుంది, రెండోది తెల్ల నురుగు. బిస్కెట్ చూపిస్తే తల తిప్పేసింది. బయల్దేరుతున్నాం. ఏమేం తీసుకెళ్ళాలి?

వేపేరి_టెక్నీషియన్ · మధ్యాహ్నం 2:24

ముందు ఫోన్ చేసి ‘మూడు నెలల పిల్ల, వాంతులు, పలచటి మోషన్, పార్వో అనుమానం’ అని చెప్పండి. డ్రిప్ పెట్టి ఉంచుకునే వసతి ఉందా అడగండి. లేకపోతే అక్కడ గంట పోతుంది. ప్రైవేటు క్లినిక్‌లు మూసుంటే వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి ఫోన్ చేసి ఆ వేళకు ఎవరున్నారో కనుక్కోండి.

టీకాల పుస్తకం. మోషన్ ఒక చెంచాడు, మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బాలో. వాంతి ఫోటో. ఆఖరిసారి నులిపురుగుల మందు ఎప్పుడు, ఏది వేశారో. ఏ గంటకు ఏమైందో రాసిన కాగితం. నీళ్ళ గిన్నె వద్దు. పిల్లను పాత టవల్‌లో చుట్టి ఎత్తుకునే ఉండండి, క్లినిక్‌లో నేల మీద దింపకండి, వేరే కుక్కల పక్కన కూర్చోబెట్టకండి.

పార్వో కిట్ పరీక్ష పది నిమిషాల్లో తేలుతుంది. నెగటివ్ వస్తే ‘అయితే కాదు’ అనుకుని వచ్చేయొద్దు. జబ్బు మొదలైన మొదటి రోజుల్లో మోషన్‌లో వైరస్ తక్కువగా ఉండి తప్పిపోవచ్చు. తెల్ల రక్తకణాల లెక్క, గ్లూకోజ్ చూడమనండి. తెల్లకణాలు బాగా పడిపోయి ఉంటే అనుమానం బలపడుతుంది, ఒకటి రెండు రోజుల్లో పరీక్ష మళ్ళీ చేస్తారు. చర్మం కింద సెలైన్ ఇచ్చి ఇంటికి పంపుతామంటే, వాంతులు ఆగని పిల్లకు నరంలో డ్రిప్ కదా మేలు అని మర్యాదగా అడగండి. వేళకు డ్రిప్, వాంతి ఆపే ఇంజెక్షన్, యాంటీబయాటిక్ అందిన పిల్లలు ఎక్కువ భాగం బతుకుతాయి.

అడయార్_పాదముద్ర · సాయంత్రం 4:10

ఇది చదివే మిగతావాళ్ళ కోసం, ఏ లెక్కలూ వేయకుండా చెప్పులేసుకుని బయల్దేరాల్సిన సందర్భాలు రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఇది. కుక్క కక్కబోతుంది, కక్కబోతుంది, కాస్త నురుగు తప్ప ఏమీ రాదు. డొక్కల వెనక పొట్ట డ్రమ్ములా ఉబ్బుతుంది, ఒక చోట నిలవలేక తిరుగుతుంది. ఇది పొట్ట గాలితో నిండి మెలిపడటం. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కల్లో ఎక్కువ. పొట్టకు రక్తం ఆగిపోతుంది, గంటల్లో ప్రాణం పోతుంది, ఆపరేషన్ తప్ప దారి లేదు. వాంతి రాలేదు కదా అని ఊరుకోవడమే ఇక్కడ ప్రాణం తీసే తప్పు.

ఎలుకల మందు తిన్నదని అనుమానం వస్తే ప్యాకెట్ చేత్తో పట్టుకుని వెళ్ళండి. రక్తం గడ్డకట్టనివ్వని రకమైతే మూడు నాలుగు రోజులు కుక్క చక్కగా కనిపిస్తుంది, తర్వాత లోపల రక్తస్రావం. కె1 విటమిన్ ముందే మొదలుపెడితే కాపాడొచ్చు. జింక్ ఫాస్ఫైడ్ పొడి అయితే పొట్టలోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువు పుడుతుంది. తిండి పెడితే ఆమ్లం పెరిగి వాయువు కూడా పెరుగుతుంది, కాబట్టి ఏమీ పెట్టొద్దు. దారిలో వాంతి చేసుకుంటే ఆ వాయువు మనుషులకూ విషమే, ఆటో అయినా కారైనా గాలి ఆడేలా ఉండాలి. ఏ విషానికైనా ఉప్పునీళ్ళు పోసి కక్కించకండి, ఆ ఉప్పే ఫిట్స్ తెప్పిస్తుంది. డాక్టర్ దగ్గర కక్కించడానికి ఇంజెక్షన్ ఉంది, తిన్న రెండు గంటల్లోపు వెళ్తే బాగా పనికొస్తుంది.

ఆపరేషన్ చేయించని ఆడకుక్క, హీట్ అయిన నెలా రెండు నెలల్లో తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ నీళ్ళు విపరీతంగా తాగుతుంటే అది అజీర్తి కాదు, గర్భసంచిలో చీము. కింద స్రావం కనిపించకపోతే మరీ ప్రమాదం, చీము లోపలే నిండుతోందన్నమాట. పొట్ట మందు వేస్తూ ఇలాంటివాటిని వారం గడిపేస్తారు. దయచేసి ఆ తేదీ లెక్కపెట్టండి.

మన ఊరికి ప్రత్యేకమైనవి మూడు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో వీధుల్లో నిలిచిన నీళ్ళలో ఎలుకల మూత్రం కలిసి లెప్టోస్పైరా అనే బాక్టీరియా జబ్బు వస్తుంది. వాంతులు, ఒళ్ళునొప్పులు, తర్వాత కళ్ళు పచ్చబడటం, మూత్రం తగ్గడం. ఇది మనుషులకూ అంటుతుంది, మోషన్, మూత్రం ఎత్తేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి. దాని టీకా ఏటా వేయించాలి. ఎండాకాలంలో మధ్యాహ్నం తిరిగొచ్చిన కుక్క రొప్పుతూ వాంతి, రక్తపు విరేచనం చేసుకుంటే అది వడదెబ్బ. ఒళ్ళంతా మామూలు నీళ్ళతో తడిపి, ఫ్యాన్ పెట్టి, అలా చల్లబరుస్తూనే తీసుకెళ్ళాలి. మూడోది ఏడాది పొడవునా ఉండే పిడుదుల జ్వరం. జ్వరం, తిండి మానేయడం, అప్పుడప్పుడు వాంతి, చిగుళ్ళ మీదో పొట్ట మీదో ఎర్రటి చుక్కలు, కొన్నిటికి మూత్రం కాఫీ రంగులో. మోషన్స్ మందుతో ఇది తగ్గదు, రక్తం తీసి ప్లేట్‌లెట్లు, స్లైడు చూడాలి.

వేళచ్చేరి_రెండుతోకలు · రాత్రి 8:15

పిల్లకు పార్వో పాజిటివ్. తెల్లకణాలు తక్కువగా ఉన్నాయన్నారు. నరంలో డ్రిప్ పెట్టి అక్కడే ఉంచారు. సాయంత్రం నుంచి రక్తంతో మోషన్ మొదలైంది. పొద్దుటి దాకా ఆగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే భయంగా ఉంది. మీ అందరికీ ఎంత చెప్పినా తక్కువే.

లాబ్ 9 గంటల తర్వాత వాంతి చేసుకోలేదు. 4 గంటలకు, 7 గంటలకు చికెన్ అన్నం ముద్ద నిలిచింది. మోషన్ మధ్యాహ్నం ఒకటే. ఇల్లు ఎలా శుభ్రం చేయాలి? లాబ్‌కి అంటుతుందా?

వేపేరి_టెక్నీషియన్ · రాత్రి 8:40

టీకాలు సరిగా ఉన్న నాలుగేళ్ళ కుక్కకు పార్వో అంటడం అరుదు. అయినా పిల్ల తిరిగిన చోటికి దాన్ని రానివ్వకండి. దాని కాళ్ళకూ బొచ్చుకూ అంటిన వైరస్ మెట్ల మీద వేరే పిల్లలకు చేరుతుంది.

ఫినాయిల్, డెట్టాల్ పార్వోని చంపవు. ముందు సబ్బునీళ్ళతో మురికంతా పోయేలా కడగండి, మురికి ఉన్న చోట బ్లీచ్ పనిచేయదు. తర్వాత 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం ఒక వంతుకు 30 వంతుల నీళ్ళు, అంటే లీటరుకి 33 మిల్లీలీటర్లు, అప్పటికప్పుడు కలిపి నేల మీద పోసి పది నిమిషాలు తడిగా ఉంచండి. తర్వాత కడిగి ఆరబెట్టండి. ఫినాయిల్‌తో గానీ బాత్‌రూం కడిగే యాసిడ్‌తో గానీ కలపొద్దు, ఊపిరాడనివ్వని విషవాయువులు వస్తాయి. మెత్తటి బొమ్మలు, గోనెసంచి, పాత పరుపు పారేయండి. మీ చెప్పులు కూడా అదే నీళ్ళలో ముంచండి. కుండీల మట్టిలో, కింద పార్కులో వైరస్ నెలల తరబడి బతుకుతుంది, ఎండ తగిలే చోట కొంచెం తొందరగా పోతుంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఈ రాత్రే చెప్పండి, టీకాలు పూర్తికాని పిల్లలను ఎవరూ కిందికి దింపకుండా. పిల్ల ఇంటికొచ్చాక కూడా కొన్ని వారాలు మోషన్‌లో వైరస్ పోతూనే ఉంటుంది, దానికి విడిగా చోటు చూడండి.

పెరంబూర్_ఇండీ · రాత్రి 9:05

లాబ్‌కి రాత్రి 10కి ఇంకో ముద్ద పెట్టి ఆపేయండి, నీళ్ళు 100 మిల్లీలీటర్ల చొప్పున దగ్గర పెట్టండి. రేపు డాక్టర్‌కి చూపించేటప్పుడు పిల్లకు పార్వో అన్న సంగతి ముందే చెప్పాలి. మోషన్ గట్టిపడ్డాక రెండు రోజులు ఇదే తిండి, ఆ తర్వాత మామూలు తిండి పావు వంతు కలిపి రెండు రోజులు, సగం రెండు రోజులు, ముప్పావు రెండు రోజులు. మధ్యలో మళ్ళీ పలచబడితే ఒక మెట్టు వెనక్కి రండి. రేపూ ఎల్లుండీ అసలు మోషన్ రాకపోయినా కంగారు పడకండి, పేగు ఖాళీ అయింది, తిన్నది కొంచెమే. వాంతులు లేకుండా, చురుగ్గా ఉండి మూడో రోజు కూడా రాకపోతే, లేదా ముక్కుతూ ఏమీ రాకపోతే, ఆ ఎముక గుర్తుచేసి ఎక్స్‌రే అడగండి.